మేకుకు తగిలించిన కర్ర

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. లెక్కల మాస్టారు ఆడింది ఒకే ఒక్క మాట అబద్ధం. అది జిగురు పెట్టి బిగించినట్టు అతుక్కుపోయింది. దాన్ని ఊడబీకడానికి అతనికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో ఒక పెద్దాయన తన బుర్ర మీద తనకున్న నమ్మకం పోగొట్టుకున్నారు.

ఆ పెద్దాయన మాస్టారికి పిల్లనిచ్చిన మామగారు. యాభై రెండేళ్లుగా వడ్రంగం చేస్తున్నారు. ఇంటి వెనకే కొట్టు. ఈమధ్య కుడిచేతికి వణుకు వచ్చింది. రంపం ఇంకా మాట వింటోంది, ఉలి కూడా వింటోంది. చెక్క కొసని చిత్రిక పట్టి నున్నగా తీసే దగ్గరే చెయ్యి మొరాయిస్తోంది. చెక్కని పొడుగునా చిత్రిక పట్టడం ఎవరైనా చేస్తారు. కొస అలా కాదు, చిత్రిక వెంట్రుకవాసి ఒరిగినా అంచు చిట్లిపోతుంది. "కొస కుదరనివాడు వడ్రంగి కాడు, కట్టెలు కొట్టుకునేవాడు" అని ఒకప్పుడు పనివాళ్లని తిట్టిన మనిషి, ఇప్పుడు చిట్లిన అంచుల్లో రంపపు పొట్టూ జిగురూ కలిపి కూరుతున్నారు. ఎవరూ చూడలేదనుకుని కూరుతున్నారు.

మాస్టారు చూశాడు. చూసి జాలిపడ్డాడు. ఆ జాలి నిజమైనదే, నేను కాదనను. దాని పక్కనే ఉక్రోషం కూడా ఉంది. పెళ్లైన కొత్తలో అత్తారింట్లో గోడకి మేకు కొట్టబోయి చేతిపళ్లెమంత పెచ్చు ఊడగొట్టాడు. ఇరవై మూడేళ్లయినా ఆ పెచ్చు కథ ఆ ఇంట్లో పాతబడలేదు. "అల్లుడుగారి చేతికి చాక్‌పీసు తప్ప ఇంకేమీ ఇవ్వకండి" అని అత్తగారు ఇప్పటికీ నవ్వుతారు. ఆ నవ్వులో విషం ఏమీ లేదు. మాస్టారికి మాత్రం ప్రతిసారీ గుచ్చుకునేది.

అందుకని మామగారికి ఒక అంచు పీట చేసివ్వాలనుకున్నాడు. పెద్ద యంత్రం కాదది. చదునైన పలక ఒకటి, దాని మీద కచ్చితమైన లంబకోణంలో బిగించిన అడ్డకర్ర ఒకటి, పక్కనే చిత్రికని పడుకోబెట్టి నడిపేందుకు ఒక దారి. కోసిన చెక్కని అడ్డకర్రకి ఆనించి పట్టుకుని, చిత్రికని ఆ దారిలో తోస్తే కొస మూలమట్టానికి అతికినట్టు వస్తుంది. చెయ్యి వణికినా చిత్రిక దారి తప్పదు.

చెప్పడానికి మూడు ముక్కలే. ఆ మూడు ముక్కలకి ఏ చెక్క వాడాలో తేల్చుకోవడానికి మాస్టారికి నెల పట్టింది. పలక ఎండకీ వానకీ వంగకూడదు. బీరువా తలుపు చూశాడు, మధ్యలో ఉబ్బింది. పాత మంచం పలక చూశాడు, మెలి తిరిగింది. చివరికి బళ్లో పారేయడానికి గోడకి ఆనించిన పాత నల్లబోర్డు కనిపించింది. మందపాటి ప్లైవుడ్, పొరలు పొరలుగా అంటించింది, ఇన్నేళ్లకీ బల్లపరుపుగా ఉంది. హెడ్‌మాస్టరుని అడిగి ఒక మూల కోయించుకుని తెచ్చుకున్నాడు. చిత్రిక నడిచే దారికి వంటగట్టుకి వేయగా మిగిలిన నున్నటి లామినేట్ ముక్క అంటించి, మైనం రుద్దాడు.

ఇక అడ్డకర్ర. పని అంతా దాని మీదే ఉంటుంది. గట్టిగా ఉండాలి, ముడులు ఉండకూడదు, పోగు తిన్నగా ఉండాలి, ఎప్పుడో ఆరిపోయి ఇక కదలని కర్ర అయి ఉండాలి. ఇంట్లో ఉన్న కర్రలన్నీ ఒక కన్ను మూసి చూశాడు. విరిగిన కుర్చీ కాలు, పరదా కర్ర, ఆఖరికి ఇల్లు తుడిచే కర్ర కూడా.

"ఏవండీ, నా దువ్వెన కూడా చెక్కదే, కావాలా?" అంది భార్య.

ముప్పై ఏళ్లుగా లంబకోణాన్ని బోర్డు మీద గీసిన మనిషి, జీవితంలో ఒక్క లంబకోణాన్ని కూడా చేత్తో చేయలేదు. ఈసారి చేసి తీరాలనుకున్నాడు.

ఒక ఆదివారం అత్తారింట్లో భోజనాలయ్యాక మాస్టారు ఒక కర్ర ముక్క అడిగాడు. మామగారు కునుకు తీయడానికి వెళ్తూ, "కొట్లో మూలన ముక్కలు చాలా ఉన్నాయి అల్లుడుగారూ. మీకేం కావాలో తీసుకోండి, అడగక్కర్లేదు" అన్నారు. దేనికని అడగలేదు. అల్లుడు ఏదో అడుగుతున్నాడు, అదే పదివేలు అనుకున్నారు.

మాస్టారు కొట్లోకి వెళ్లాడు. మూలనున్న ముక్కలన్నీ తిరగేశాడు. ఒకటి పొట్టి, ఒకటి పగిలింది, ఒకదానికి ముడి. తల ఎత్తేసరికి తలుపు పక్కన మేకుకి ఒక కర్ర వేలాడుతోంది. నాలుగున్నర అడుగులు, రెండు వేళ్ల వెడల్పు. పైన చిల్లు, చిల్లులో తాడు. పాత ద్వారబంధం నుంచి తీసిన టేకు చేవ, తేనె రంగు. కన్ను ఆనించి చూస్తే గీత గీసినట్టుంది. మూలమట్టం పెట్టాడు, వెలుతురు దూరే సందు లేదు. దాని మీద అక్కడక్కడ సన్నటి గీతలు, ఒక కొక్కెం గుర్తు, రెండు చుక్కలు, పిల్లి గీరినట్టు ఏవో ఉన్నాయి. ఒక్క అంకె కూడా లేదు.

అంకె లేని చోట కొలత ఉండదని నమ్మే మనిషి మా మాస్టారు. ఇంకొకరైతే ఆ గీతలేమిటా అని ఒక్క క్షణం ఆగేవారు. మాస్టారు ఆగలేదు.

మామగారిని లేపి అడగొచ్చు. అడిగితే ఇక ఆశ్చర్యపరచడం ఏముంటుంది అని సర్దిచెప్పుకున్నాడు. అసలు సంగతి అది కాదు, అడిగితే వద్దంటారేమోనని భయం. మూలనున్నవి తీసుకోమన్నారు, ఇది మేకుకుంది. ఆ తేడా ఆ క్షణంలోనే అతనికి తెలుసు. తెలిసే తాడు విప్పాడు. మామగారి రంపంతోనే మామగారి కర్రని నాలుగు ముక్కలు చేసి సంచిలో పెట్టుకున్నాడు.

ఆ వారమంతా బళ్లో గంట కొట్టగానే ఇంటికి పరుగు. ఒక ముక్క అడ్డకర్ర, ఒక ముక్క పీట బల్ల మీద జారకుండా అడుగున కొక్కెంలా పట్టుకునేందుకు, ఒక ముక్క దారికి అంచు. గీతలు మురికిలా కనిపించి మూడింటినీ శుభ్రంగా చిత్రిక పట్టేశాడు. సన్నటి పొట్టు రింగులు రింగులుగా లేచి వరండా అంతా పడింది. అడ్డకర్రని మూడుసార్లు బిగించి, మూడుసార్లు విప్పి, నాలుగోసారి కుదిర్చాడు. జానెడు ముక్క ఒకటి మిగిలితే బల్ల సొరుగులో పడేశాడు. పొట్టు చీపురుతో ఊడ్చి చెత్తబుట్టలో వేసింది భార్య. అది ఏమిటో ఆమెకీ తెలియదు పాపం.

మరుసటి ఆదివారం పీటని పాత దుప్పట్లో చుట్టి తీసుకెళ్లాడు.

మామగారు దాన్ని పని బల్ల మీద పెట్టారు. అడ్డకర్ర మీద బొటనవేలు నడిపారు. మూలమట్టం పెట్టి చూశారు. తిప్పి పెట్టి మళ్లీ చూశారు. తర్వాత ఒక ముక్క తీసుకుని అడ్డకర్రకి ఆనించి, చిత్రికని పడుకోబెట్టి తోశారు. చెయ్యి వణుకుతూనే ఉంది. చిత్రిక మాత్రం తిన్నగా వెళ్లింది. కొస అద్దంలా వచ్చింది.

"ఏమే, ఇటు రా ఒకసారి! అల్లుడుగారు చేశారు. చాక్‌పీసు పట్టుకునే చెయ్యేనా ఇది!"

అత్తగారు వచ్చి చూసి ముక్కు మీద వేలేసుకున్నారు. మాస్టారి ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఇరవై మూడేళ్ల నాటి గోడ పెచ్చు ఆరోజుతో పూడిందనుకున్నాడు.

"పలక ఎక్కడిది?"

"మా బళ్లో నల్లబోర్డు, మామయ్యగారూ."

"అయితే దీని మీద ఎంతమందిని ఏడిపించారో!" అని నవ్వి, మళ్లీ అడ్డకర్రని తడిమారు. "కర్ర మాత్రం మంచి చేవండీ. మన ద్వారబంధం టేకులా ఉందే. ఎక్కడుంది ఇది?"

"మూలన" అన్నాడు మాస్టారు.

ఆ ఒక్క మాటే. మేకుకు ఉన్నది అడక్కుండా తీసుకున్నానని చెప్పడం ఆ పొగడ్తల మధ్య బాగుండదనిపించింది. ద్వారబంధం ముక్కలు మూలన ఇంకా నాలుగైదు ఉన్నాయి, కాబట్టి మామగారు తలూపారు. మాట అతికిపోయింది.

"నిన్ననే మన ఊరి లైబ్రరీ అలమరాకి చెక్కలు వచ్చాయి. పన్నెండు అరలు, ఇరవై నాలుగు కొసలు. ఎలా చేస్తానా అని నాలో నేను కుమిలిపోతున్నా. ఇక బెంగ లేదు" అంటూ మామగారు తలుపు దగ్గరికి వెళ్లారు. "కొలకర్ర తీసుకుని కోయడమే."

చెయ్యి పైకెత్తారు. మేకు ఖాళీగా ఉంది.

"ఇక్కడే తగిలించానే."

"ఏమిటది?" అన్నాడు మాస్టారు. అప్పటికే తను విప్పిన తాడు గుర్తొచ్చింది.

"లైబ్రరీ కొలకర్ర. అది పాత భవనం అల్లుడుగారూ, స్తంభాలు రెండూ రెండు వైపులకి ఒరిగాయి. టేపు అంకె చెబుతుంది గానీ ఒరుగు చెప్పదు. అందుకే కర్ర పెట్టి, ఎక్కడికక్కడ కత్తిమొనతో గీత పెట్టుకొస్తాం. పని అయ్యేదాకా ఆ కర్రే మనకి లైబ్రరీ. పని అయ్యాక గీతలు చిత్రిక పట్టేసి ఇంకో పనికి వాడుకుంటాం. అందుకే పని నడిచేవి మేకుకి, పని అయిపోయినవి మూలకి. యాభై ఏళ్లుగా అదే వరస." అంటూనే వంగి బల్ల కిందకి చూశారు. "ఎక్కడ పెట్టానబ్బా?"

"మళ్లీనా?" అన్నారు అత్తగారు.

ఆ 'మళ్లీ' వెనక చాలా ఉంది. రెండు నెలల కిందట మామగారు జిగురు గిన్నె పొయ్యి మీద పెట్టి మరిచిపోయారు. కొట్టంతా పొగ. ఇంకోసారి మంగలి దగ్గర్నుంచి ఎవరివో చెప్పులు వేసుకొచ్చారు. రంపాలూ ఉలులూ ఉన్న కొట్టు, అందులో ఒంటరిగా పనిచేసే మనిషి, వణికే చెయ్యి. కొట్టు మూసేయమని తల్లీకూతుళ్లిద్దరూ పోరితే ఆయనే ఒక మాటన్నారు: "గిన్నెలూ చెప్పులూ లెక్కలోవి కావు. నేను పనిలో మరిచిన రోజున, కొలత మరిచిన రోజున, కొట్టు తాళం నా చేత్తో నేనే మీకిస్తా."

మాస్టారికి ఆ మాట తెలుసు. ఆరోజు అక్కడే ఉన్నాడు.

అప్పుడే చెప్పేయాల్సింది. పీట బల్ల మీదే ఉంది. 'మామయ్యగారూ, అదిగో మీ కర్ర' అంటే సరిపోయేది. నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే అత్తగారు, "అల్లుడుగారు ఇంత చక్కటి వస్తువు చేసిపెట్టిన రోజునే మీరు ఇలా చేయాలా!" అని భర్తని విసుక్కున్నారు. ఆ పొగడ్తా ఆ విసురూ ఒకే మాటలో వచ్చేసరికి మాస్టారి నోరు మూసుకుపోయింది.

మూసుకుపోతే పోయింది, ఊరికే కూర్చున్నా కొంత నయం. వెతకడానికి దిగాడు! ఫోను టార్చి వేసి బల్ల కింద, చెక్కల వెనక, రేకు డబ్బాల మధ్య, తను నాలుగు ముక్కలు చేసిన కర్ర కోసం మోకాళ్ల మీద పాకాడు. "ఇక్కడ లేదు మామయ్యగారూ" అన్నాడు. "అక్కడా లేదు" అన్నాడు. ఇంతకన్నా నీచం ఏముంటుందో నాకైతే తెలియదు, అతనికీ తెలియదు. ఇంటికి వచ్చేటప్పుడు మోకాళ్లకి అంటిన పొట్టు దులుపుకోవడానికి కూడా చెయ్యి రాలేదు.

సోమవారం సొరుగు తెరిచి జానెడు ముక్క బయటికి తీశాడు. దీన్ని చిత్రిక పట్టలేదు. మూడు గీతలు, ఒక కొక్కెం గుర్తు ఉన్నాయి. గోరుతో తడిమితే ఎంత సన్నగా, ఎంత తిన్నగా ఉన్నాయో తెలిసింది. వణికే చెయ్యి గీసిన గీతలు అవి. ఎంత ఊపిరి బిగబట్టి గీసి ఉంటారో అనుకున్నాడు. ముక్కని తువ్వాలులో చుట్టి బడి సంచి అడుగున పెట్టాడు. ఎందుకో అతనికే తెలియదు. ఆరోజు నుంచి ఆ సంచి భుజాన వేసుకుంటే నాగలి మోస్తున్నట్టుంది.

ఎనిమిదో తరగతి కుర్రాడొకడు లెక్క తప్పు చేసి, "మర్చిపోయాను సార్" అన్నాడు. మాస్టారు మామూలుగా అయితే బెంచీ ఎక్కించేవాడు. ఆరోజు "పర్లేదు, కూర్చో" అన్నాడు. తరగతి అంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"నాన్న అన్నం సరిగా తినడం లేదట. అటక మీద కూడా వెతికారట. కొలత తీసుకున్నది కలగానీ కాదు కదా అని అమ్మని అడిగారట" అంది భార్య మంగళవారం. అని ఏడ్చింది. మాస్టారు ఆమె వీపు నిమిరాడు. నిమురుతున్న చేతిని చూసుకుంటే తనకే అసహ్యం వేసింది. చెప్పెయ్యి, చెప్పెయ్యి అని లోపల ఎవరో పోరుతున్నారు. ఆదివారమే ఎందుకు చెప్పలేదని అడిగితే ఏం చెప్పాలి? నిన్న ఎందుకు చెప్పలేదంటే? గడిచిన ప్రతి గంటా ఇంకో అబద్ధమై కూర్చుంది. కర్ర కోయడం చిన్న తప్పు, దాని మీద పేరుకుంటున్నదే పెద్దది.

బుధవారం మామగారు మళ్లీ కొలవడానికి లైబ్రరీకి బయల్దేరారు. "ఆయన్ని ఒక్కర్నీ పంపకండి, మీరూ వెళ్లండి" అంది భార్య. మాస్టారు వెళ్లాడు.

చదువుకునే గది పొడుగ్గా, చల్లగా ఉంది. గోడకి 'నిశ్శబ్దం' అని పెద్ద బోర్డు. చివర కిటికీ పక్కన రెండు స్తంభాలు, వాటి మధ్య ఖాళీ. మామగారు కొత్త కర్ర ఒకటి స్తంభాల మధ్య పెట్టి, "ఆ కొస పట్టుకోండి అల్లుడుగారూ" అని గుసగుసగా అన్నారు. మాస్టారు పట్టుకున్నాడు. మామగారు కత్తిమొన పెట్టారు. చెయ్యి వణికింది. తీసి, ఊపిరి పీల్చి, మళ్లీ పెట్టారు.

లైబ్రేరియన్ చప్పుడు కాకుండా నడిచొచ్చాడు. మంచి మనిషి. "పోయిన నెలే కొలుచుకెళ్లారు కదండీ?" అన్నాడు మెల్లగా.

మామగారు తల ఎత్తలేదు. "పోగొట్టుకున్నానండీ. ముసలితనం."

ఆ మాట ఆయన నోట మాస్టారు ఎన్నడూ వినలేదు. డెబ్బై దాటినా 'వయసు' అని కూడా అనని మనిషి.

"ఫర్వాలేదు, ఫర్వాలేదు" అంటూ లైబ్రేరియన్ ఆయన భుజం తట్టాడు. "మా నాన్నకీ ఇలాగే మొదలైంది." తర్వాత మాస్టారి వైపు తిరిగి, పెద్దాయనకి వినపడదనుకుని, "మీరు పక్కనుండి చూసుకుంటున్నారు, అదృష్టవంతుడు" అన్నాడు.

వినపడింది. మామగారి చెవులు ఎర్రబడడం మాస్టారు చూశాడు. కర్ర రెండో కొస తన చేతిలోనే ఉంది. నేల చీలి తనని మింగేస్తే బాగుండుననుకున్నాడు. అది చీలలేదు. 'లోపలి వైపు కొంచెం పైకి' అని మామగారు సైగ చేస్తే, కొంచెం పైకి పట్టుకున్నాడు.

గురువారం సాయంత్రం అత్తగారి నుంచి ఫోను వచ్చింది, ఇద్దరూ రమ్మని. వెళ్లేసరికి కొట్టు ఊడ్చి ఉంది. రంపాలు నూనె రాసి గోడకి వరసగా ఉన్నాయి. పని బల్ల మీద అంచు పీట ఒక్కటే ఉంది. మామగారు ఉతికిన చొక్కా వేసుకుని స్టూలు మీద కూర్చున్నారు, ఎక్కడికో ప్రయాణమైనట్టు.

"లైబ్రరీ పని ఇంకొకళ్లకి చెప్పమని కబురు చేశాను. రెండోసారి తీసిన కొలత మీద కూడా నాకు నమ్మకం కుదరడం లేదు. గీత పెడతాను, అది నేనే పెట్టానా అనిపిస్తుంది. అలా అనిపించాక రంపం పట్టకూడదు" అన్నారు. తాళంచెవి తీసి భార్య చేతిలో పెట్టారు. "మాటంటే మాటే."

అత్తగారు నెలలుగా అడిగింది ఆ తాళంచెవే. తీరా చేతిలో పడేసరికి దాన్ని కొంగుకి కట్టుకోలేకపోయారు, అరచేతిలో పట్టుకునే నిలబడ్డారు.

"అల్లుడుగారూ, ఇలా రండి." మామగారు బల్ల కింద నుంచి తన చిత్రిక తీశారు. ఆయన వాళ్ల నాన్న వాడింది. పట్టుకునే చోట చెక్క అరిగి వేళ్ల ఆకారం తిరిగింది. "ఇది మీకు. ఇన్నాళ్లూ ఎవరికివ్వాలా అనుకున్నా. ఆ పీట చూశాక తెలిసింది. కర్రని ఎంచడం చేతనైతే మిగతాదంతా వచ్చేస్తుంది. మీకు కర్ర ఎంచడం వచ్చు."

మాస్టారు చిత్రిక అందుకున్నాడు. బరువుగా ఉంది. వేళ్లు ఆ అరిగిన గుంటల్లో కూర్చున్నాయి. దొంగిలించినదానికన్నా ఇది ఎక్కువ కాల్చింది.

"నేనే" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

చిత్రిక కింద పెట్టలేక, ఒక చేత్తో దాన్ని గుండెకి ఆనించుకుని, రెండో చేత్తో సంచిలోంచి తువ్వాలు చుట్ట తీసి బల్ల మీద విప్పాడు. జానెడు ముక్క, మూడు గీతలు, కొక్కెం గుర్తు.

"మూలన కాదు మామయ్యగారూ. మేకుకే ఉంది. నేనే తీశాను, అడక్కుండా. అంకెలు లేవని పనికిరాని కర్ర అనుకున్నాను. మీరు వెతికింది దీన్నే." వేలుతో పీట మీది అడ్డకర్ర చూపించాడు. "మిగతాది ఇదిగో. మీరు మరిచిపోలేదు. నేను చెప్పలేదు."

భార్య అతని వైపు చూసింది. ఆ చూపు గురించి నేనేమీ చెప్పను. ఆమె తర్వాత చాలా రోజులు మామూలుగానే మాట్లాడింది, ఆ చూపు మాత్రం అతను మరిచిపోలేదు.

మామగారు ముక్క తీసుకుని బొటనవేలుతో గీతలు తడిమారు. "ఇది కిటికీ వైపు స్తంభం" అన్నారు. "ఇది మూడో అర. కొక్కెం... కొక్కెం అంటే ఇక్కడ స్తంభం లోపలికి ఒరిగింది." గీత గీతా చదివారు, ఒక్కటీ తడబడలేదు. తర్వాత తల ఎత్తారు.

"మేకుకే తగిలించానా నేను?"

"మేకుకే తగిలించారు."

"తాడుతో?"

"తాడుతోనే."

"ఏమే! విన్నావా? మేకుకే తగిలించానట! తాడుతో సహా!" అరిచినంత పని చేశారు. నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. వణికే చేత్తో తుడుచుకుంటుంటే తడి చెంపలంతా పాకింది. "నా బుర్ర బాగానే ఉందే! నాకేం కాలేదు!" అంటూ భార్య రెండు చేతులూ పట్టుకున్నారు.

తిడతారనుకున్నాడు మాస్టారు. తిట్లకి సిద్ధపడే వచ్చాడు. ఈ సంతోషానికి సిద్ధపడలేదు. ఇంత సంతోషం నాలుగు రోజులుగా తన సంచిలో, తువ్వాలులో చుట్టి ఉంది. తను దాన్ని బడికీ ఇంటికీ మోసుకు తిరిగాడు. తల కొట్టేసినట్టయింది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చేతిలోని చిత్రికనే చూస్తూ నిలబడ్డాడు.

నవ్వు తగ్గాక మామగారు అడిగారు. "మీకెప్పుడు తెలిసింది?"

"ఆదివారం. మీరు మేకు చూసినప్పుడే."

"ఆదివారం." జానెడు ముక్కని బల్ల మీద పెట్టారు. "నాతోపాటు బల్ల కింద వెతికారు."

"అవునండీ."

"నిన్న లైబ్రరీలో కర్ర రెండో కొస పట్టుకున్నారు. లైబ్రేరియన్ నా భుజం తట్టినప్పుడు."

"అవునండీ."

మామగారు చెయ్యి చాచారు. "చిత్రిక ఇలా ఇవ్వండి."

మాస్టారు ఇచ్చాడు. ఆయన దాన్ని బల్ల కింద, దాని చోట్లో పెట్టారు. అత్తగారి అరచేతిలోంచి తాళంచెవి తీసుకుని జేబులో వేసుకున్నారు. ఆవిడ ఇవ్వనని అనలేదు.

"కర్ర కోసినందుకు నేనేమీ అనను. కర్రలు మళ్లీ వస్తాయి. ఆదివారం చెప్పి ఉంటే ఇద్దరం నవ్వుకుని, సోమవారం వెళ్లి కొలుచుకొచ్చేవాళ్లం" అన్నారు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "రేపు నాతో లైబ్రరీకి రండి. ఆ పని నేనే చేస్తానని చెప్పాలి. కర్ర ఏమైందో మీరు చెప్పాలి. నేను చెబితే, పాపం ముసలాయన కథలల్లుతున్నాడనుకుంటారు. ఆ మాట మీ నోటితోనే రావాలి."

శుక్రవారం బడి అయ్యాక ఇద్దరూ వెళ్లారు. చదువుకునే గది నిండుగా ఉంది. పరీక్షల రోజులు కదా, బల్లల దగ్గర పిల్లలు కిక్కిరిసి ఉన్నారు. వాళ్లలో నలుగురైదుగురు మాస్టారి దగ్గర లెక్కలు నేర్చుకుంటున్నవాళ్లే. అతన్ని చూసి సర్దుకుని కూర్చున్నారు.

లైబ్రేరియన్ నవ్వుతూ ఎదురొచ్చి, "రండి రండి, ఎలా ఉన్నారు?" అని మామగారిని పసిపిల్లాణ్ణి అడిగినట్టు అడిగాడు.

మాస్టారు దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు. "మొన్న ఆ కొలకర్ర సంగతండీ... ఆయన పోగొట్టుకోలేదు..."

"గట్టిగా చెప్పండి" అన్నారు మామగారు.

లైబ్రేరియన్ ఉలిక్కిపడి, వేలు పెదాల మీద పెట్టుకుని, గోడ మీది బోర్డు చూపించాడు.

"మొన్న మీరు నాతో మెల్లగా అన్నదే ఈ గదిలో చాలామంది విన్నారండీ. ఇదీ వినాలి" అన్నారు మామగారు. "గట్టిగా చెప్పండి అల్లుడుగారూ."

పుస్తకాల్లోంచి తలలు లేచాయి. మొదటి బల్ల దగ్గర, 'మర్చిపోయాను సార్' అన్న ఎనిమిదో తరగతి కుర్రాడు కూడా ఉన్నాడు. తరగతిలో చివరి బెంచీ దాకా వినపడేలా మాట్లాడే గొంతు మాస్టారిది, ముప్పై ఏళ్లుగా. దాన్ని వెతికి పట్టుకున్నాడు.

"ఆయన కొలత మరిచిపోలేదు. కర్ర మేకుకే తగిలించారు. నేను దొంగతనంగా తీసి కోశాను. తెలిసి కూడా నాలుగు రోజులు చెప్పలేదు."

గది చివర కిటికీ దాకా వినపడింది. మామగారు మాస్టారిని దాటి ముందుకు నడిచి, స్తంభాల మధ్య నిలబడి కర్ర పెట్టారు. జేబులోంచి కత్తి తీశారు.

"ఆ కొస పట్టుకోండి" అన్నారు.

మాస్టారు వెళ్లి పట్టుకున్నాడు.